5 ఎకరాలు ఫ్రీగా ఇస్తే ఊరు వదిలి వెళ్తారా? ఇండోనేషియా వలస ఊళ్ల కథ

 

ముందుగా ఒక ఆఫర్ చెప్తాను. 5 ఎకరాల భూమి ఫ్రీ. రేకుల కప్పుతో ఒక చెక్క ఇల్లు ఫ్రీ. ప్రయాణం ఖర్చు ఫ్రీ. మొదటి ఏడాది బియ్యం, నూనె, ఉప్పు, ఎండుచేపలు ఫ్రీ. పారలు, విత్తనాలు, ఎరువు కూడా వాళ్లే ఇస్తారు. కొన్నేళ్లు సాగు చేస్తే పట్టా మీ పేరు మీద. కండిషన్ ఒక్కటే. పుట్టిన ఊరు వదిలి, సముద్రం దాటి, అడవి కొట్టి చదును చేసిన ఒక కొత్త ఊరికి కుటుంబంతో సహా వెళ్లిపోవాలి.

వెళ్తారా? ఇది నేను కల్పించిన ఆఫర్ కాదు. ఇండోనేషియా ప్రభుత్వం లక్షల కుటుంబాలకు నిజంగా ఇచ్చిన ఆఫర్. దీని పేరు ట్రాన్స్‌మిగ్రాసి. ఈ రోజు మన టాపిక్ అదే. భూమి ఇవ్వడం అంటే అసలు ఏం ఇవ్వడం? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

ముందు బ్యాక్‌గ్రౌండ్ చూద్దాం. జావా ద్వీపం మన ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నది. కానీ అక్కడ ఉండేది దాదాపు 15 కోట్ల మంది. ఇండోనేషియా మొత్తం నేలలో జావా వాటా సుమారు 7 శాతం, జనాభాలో మాత్రం సగానికి పైనే. ఒక పక్క సుమత్రా, కాలిమంతాన్, సులావేసి, పపువాలో పెద్ద పెద్ద అడవులు. ఇంకో పక్క జావాలో అర ఎకరం కూడా లేని రైతులు. మ్యాప్ చూసిన ఎవరికైనా ఒకే ఐడియా వస్తుంది కదా, "ఇక్కడి వాళ్లను అక్కడికి పంపేద్దాం" అని.

డచ్ వాళ్లకు 1905లోనే వచ్చింది. జావాలోని కెడు ప్రాంతం నుంచి 155 కుటుంబాలను సుమత్రా దక్షిణ కొసన ఉన్న లాంపుంగ్‌కి పంపారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో కొత్త ప్రభుత్వం అదే పనిని తన పేరుతో మళ్లీ మొదలుపెట్టింది. అసలు స్పీడ్ మాత్రం సుహార్తో టైమ్‌లో. 1979 నుంచి 1984 వరకు ఒక్క ఐదేళ్ల ప్లాన్‌లోనే 5 లక్షలకు పైగా కుటుంబాలు కదిలాయి. ప్రపంచ బ్యాంకు కూడా ఈ ప్రోగ్రామ్‌కి 50 కోట్ల డాలర్లకు పైగా అప్పులిచ్చింది.

ఇప్పుడు ఒక నిజమైన ప్రాంతానికి వెళ్దాం. పేరు సితియుంగ్. పశ్చిమ సుమత్రాలో, సముద్రానికి దూరంగా, బాతాంగ్ హరి నది ఎగువ ప్రాంతం. ఆ జిల్లా పేరు వింటే మీకు నచ్చుతుంది: ధర్మాశ్రయ. అవును, మన ధర్మం, మన ఆశ్రయం. ఒకప్పుడు అక్కడ ఆ పేరుతో ఒక రాజ్యం ఉండేది. 1286లో జావా రాజు కృతనగరుడు అక్కడికి ఒక అమోఘపాశ విగ్రహం పంపించాడు. దాదాపు 700 ఏళ్ల తర్వాత, 1976లో, జావా నుంచి మనుషులు వచ్చారు.

వాళ్లు ఎందుకొచ్చారు? మధ్య జావాలో వొనోగిరి అనే జిల్లా ఉంది. అక్కడ సోలో నది మీద గాజా ముంగ్‌కుర్ అనే డ్యామ్ కట్టారు. 51 ఊళ్ల భూములు ముంపులోకి వచ్చాయి. 60 వేల మందికి పైగా కదలాల్సి వచ్చింది. ఊరుకి ఊరే లేచి వెళ్లడాన్ని అక్కడ "బెడోల్ దేసా" అంటారు. బెడోల్ అంటే వేళ్లతో సహా పెకలించడం. దేసా అంటే ఊరు, మన "దేశం" నుంచి వెళ్లిన మాటే. శ్రీశైలం, పోలవరం ముంపు ఊళ్ల వాళ్లు ఎవరైనా ఇది చూస్తుంటే, ఈ మాటకి నేను అర్థం చెప్పక్కర్లేదు.

కొత్త ఊళ్లకు మొదట్లో పెట్టే పేర్లు ఎలా ఉండేవో తెలుసా? ఎస్పీ 1, ఎస్పీ 2, ఎస్పీ 3. పోలీసు ఎస్పీ కాదండి, "సెటిల్‌మెంట్ యూనిట్" అనే మాటకి వాళ్ల భాషలో షార్ట్‌కట్. సితియుంగ్ కూడా అంతే, సితియుంగ్ 1 నుంచి 5 వరకు. మన సాఫ్ట్‌వేర్‌లో వెర్షన్ నంబర్లలా. తర్వాత తర్వాత చాలా చోట్ల జనమే మంచి పేర్లు పెట్టుకున్నారు. సుంబెర్ మక్మూర్, అంటే సంపదకి ఊట. కార్య మక్మూర్, భూమి జయ... ఇందులో కార్య, భూమి, జయ మనకి తెలిసినవే. పేర్లలో ఇంత ఆశ ఉందంటే, మొదటి రోజుల్లో అక్కడ ఏం లేదో ఊహించుకోవచ్చు.

సరే, ప్యాకేజీ ఒకసారి విప్పి చూద్దాం. మామూలుగా ఒక కుటుంబానికి 2 హెక్టార్లు, అంటే దాదాపు 5 ఎకరాలు. అందులో పావు హెక్టారు ఇంటి చుట్టూ పెరడు. మన లెక్కలో 62 సెంట్లు, తెలంగాణ వాళ్లకైతే సుమారు 25 గుంటలు. మిగతాది పొలం. అయితే ఆ పొలం అంతా ఒకే చోట ఉండదు, ఒకేసారి చేతికి రాదు. ఒక ముక్క ఇంటికి దగ్గర్లో, ఇంకో ముక్క దూరంగా ఇంకా అడవిగానే ఉంటుంది. దాన్ని నరుక్కోవాల్సింది మీరే.

ఇక్కడ అసలు ప్రాబ్లమ్ మొదలవుతుంది. నేను ఐటీలో ఉన్నప్పుడు రోజూ వినే డైలాగ్ ఒకటుంది: "నా సిస్టమ్‌లో బాగానే రన్ అవుతోంది కదా!" కోడ్ అదే, రాసినోడు వాడే. సర్వర్ మారగానే క్రాష్. రైతు విషయంలో కూడా ఇదే జరిగింది. రైతు అదే, నాగలి పట్టే చెయ్యి అదే, విత్తనం అదే. కింద నేల మారిపోయింది.

జావా మీద అగ్నిపర్వతాలు ఎక్కువ. ఆ బూడిదతో నేలకి ఎప్పటికప్పుడు కొత్త బలం వస్తూ ఉంటుంది. దాని మీద తరతరాలుగా మడులు కట్టి, కాలువలు తీసి ఒక వ్యవసాయం తయారు చేసుకున్నారు. వొనోగిరి జావాలో గొప్ప సారవంతమైన చోటేం కాదు. అయినా ఆ నేల గుణం వాళ్లకి తెలుసు. ఏ చినుకుకి ఏది వెయ్యాలో తాతల నుంచి వచ్చిన లెక్క ఉంది.

సితియుంగ్ నేల వేరు. ఎర్రగా, పసుపుగా ఉండే ఆమ్ల నేల. భూమధ్యరేఖకి పక్కనే ఉండటం వల్ల వానలు దంచి కొడతాయి. వేల ఏళ్ల వానలకి నేలలోని సున్నం, పొటాష్ కొట్టుకుపోయాయి. భాస్వరం ఉన్నా మొక్కకి అందదు. ఆమ్లం ఎక్కువైతే నేలలోని అల్యూమినియం కరిగి వేళ్లను మాడ్చేస్తుంది. మరి అంత పెద్ద అడవి ఎలా పెరిగింది అంటారా? అడవి బలం చెట్లలోనే ఉంటుంది, పైన పలచటి మన్నులో ఉంటుంది. ఆకు రాలుతుంది, కుళ్లుతుంది, మళ్లీ చెట్టు తీసుకుంటుంది. ఆ సైకిల్ తెగ్గొడితే కింద మిగిలేది ఆ ఎర్ర మన్నే.

పైగా చాలా చోట్ల బుల్డోజర్లతో చదును చేశారు. దాంతో ఆ పలచటి పై మన్ను కూడా పోయింది, అడుగు గట్టిపడిపోయింది. అడవి కాల్చి వేసిన చోట బూడిద బలంతో మొదటి పంట బానే వస్తుంది. రెండోది తగ్గుతుంది. ఆ తర్వాత అలాంగ్-అలాంగ్ అనే గడ్డి కమ్మేస్తుంది. మన దర్భ జాతి గడ్డి. పైన కోస్తే కింద దుంప వేళ్ల నుంచి మళ్లీ లేస్తుంది. దానికి తోడు రాత్రిళ్లు అడవి పందులు కర్రపెండలం తవ్వేస్తాయి. ఆ నేలని ఎలా బాగు చెయ్యాలో తేల్చడానికి 1980లలో ఇండోనేషియా, అమెరికా శాస్త్రవేత్తలు సితియుంగ్‌లోనే కూర్చుని సున్నం డోసుల మీద ప్రయోగాలు చేశారు. గమనించండి, జనం ముందొచ్చారు, టెస్టింగ్ తర్వాతొచ్చింది. మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లోకి వదిలేశాక టెస్ట్ చేశారు.

ఇది ఊరికే నా థియరీ కాదు. 2016లో శామ్యూల్ బజ్జి, ఇంకో ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ఒక పేపర్ వేశారు. 1979 నుంచి 1988 మధ్య వెళ్లిన దాదాపు 20 లక్షల మంది సెట్లర్ల ఊళ్లను పరిశీలించారు. అప్పట్లో ఏ కుటుంబాన్ని ఏ ఊరికి పంపాలనేది పెద్దగా ప్లాన్ ప్రకారం జరగలేదు, ఖాళీ ఉన్న చోటికి పంపేసేవారు. అది పరిశోధకులకి కలిసొచ్చింది. వాళ్లు తేల్చింది ఏంటంటే, కొత్త ఊరి నేల, వాతావరణం సొంత ఊరికి ఎంత దగ్గరగా ఉంటే వరి దిగుబడి అంత ఎక్కువ. రైతు దగ్గరున్న నైపుణ్యం ఎక్కడికైనా మోసుకెళ్లే సర్టిఫికెట్ లాంటిది కాదు. అది ఒక నేలతో ముడిపడి ఉంటుంది.

మరి జనం ఏం చేశారు? కొందరు తిరిగి వెళ్లిపోయారు. చాలామంది ఉండిపోయారు. ఉండిపోయినవాళ్లని నిలబెట్టింది చాలాసార్లు ఆ 62 సెంట్ల పెరడు. కొబ్బరి, అరటి, కర్రపెండలం, పసుపు, నాలుగు కోళ్లు. ఆడవాళ్లు పెరడు చూసుకుంటే మగవాళ్లు తోటల్లో కూలికి వెళ్లేవారు. "అరిసాన్" అని నెలనెలా డబ్బు వేసి వంతులవారీగా తీసుకునేవారు. అర్థమైంది కదా, మన చిట్టీ. ఇంటి పని పడితే వీధి వీధంతా వచ్చి చేయి వేసేది.

క్రమంగా వరిని పక్కన పెట్టి రబ్బరు, పామాయిల్ వేశారు. ఆ చెట్లు ఆ నేలని తట్టుకుంటాయి. కానీ రబ్బరు పాలు రావాలంటే 5, 6 ఏళ్లు ఆగాలి. పామాయిల్ అయితే 3, 4 ఏళ్లు. 1986 నుంచి ప్రభుత్వమే కంపెనీ తోటలకి అనుబంధంగా ఇలాంటి కాలనీలు పెట్టింది. మధ్యలో కంపెనీ తోట, మిల్లు. చుట్టూ రైతుల 2 హెక్టార్ల ముక్కలు. తోట పెంచిన ఖర్చు రైతు పేరు మీద అప్పు. గెలలు అమ్మిన డబ్బులోంచి ఆ అప్పు కట్ అవుతుంది. పామాయిల్ గెల కోశాక ఒకటి రెండు రోజుల్లో మిల్లుకి చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. ఏలూరు, అశ్వారావుపేట వైపు రైతులకి ఇది బాగా తెలుసు. అంటే పొలం మీదే అయినా, రోడ్డు ఎవరిది, మిల్లు ఎవరిది అన్నదాని మీదే మీ ఆదాయం ఆధారపడుతుంది. కొన్ని ఊళ్లు దీనితోనే బాగుపడ్డాయి, పక్కా ఇళ్లు వచ్చాయి. ఇది కూడా నిజమే, దాచకూడదు.

ఇప్పుడు అందరూ దాటేసే ప్రశ్న. ఆ భూమి అంతకుముందు ఎవరిది? "ఖాళీ అడవి" అన్నారు. సితియుంగ్ చుట్టూ ఉండేది మినాంగ్‌కబావ్ ప్రజలు. వాళ్లలో ఆస్తి తల్లి నుంచి కూతురికి వెళ్తుంది. అడవి, బీడు భూమి వంశం మొత్తానికి ఉమ్మడి. దాన్ని "ఉలాయత్" అంటారు. వాళ్ల పద్ధతిలో ఆ భూమిని వాడుకోనివ్వడం వేరు, శాశ్వతంగా వదులుకోవడం వేరు. ప్రభుత్వ కాగితంలో మాత్రం రెండూ ఒకటే. ఇలాంటి తేడాల వల్ల దేశంలో చాలా చోట్ల గొడవలు వచ్చాయి. జావా నుంచి వచ్చిన పేదవాడు, భూమి పోయిందనుకునే స్థానికుడు ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ గీత గీసినవాళ్లు ఇద్దరికీ కనపడని దూరంలో ఉన్నారు.

ఇంకో ట్విస్ట్ ఉంది. కొన్ని ఊళ్లలో ప్రభుత్వమే తీసుకొచ్చి కూర్చోబెట్టిన కుటుంబాలకి ఇప్పటికీ పట్టా లేదు. కారణం, అటవీ శాఖ మ్యాప్‌లో ఆ ఊరు అడవి కింద ఉంది. ఒక శాఖ డేటాబేస్‌లో ఊరు, ఇంకో శాఖ డేటాబేస్‌లో అడవి. రెండూ సింక్ కాలేదు. పట్టా లేకపోతే బ్యాంకు లోన్ రాదు. 25 ఏళ్లు దాటిన పామాయిల్ చెట్లు తీసేసి కొత్తవి నాటడానికి 2017 నుంచి ప్రభుత్వం సాయం ఇస్తోంది. భూమి లెక్క తేలకపోతే అదీ రాదు.

అక్కడ మన వయసు వాళ్లు మూడో తరం. ఇంట్లో జావా భాష, స్కూల్లో ఇండోనేషియన్, బజార్లో మినాంగ్. తాతకి 5 ఎకరాలు ఇచ్చారు. ముగ్గురు పిల్లలు, వాళ్లకి పిల్లలు. పంచితే ఎంత వస్తుంది? ఏ ఇరుకు నుంచి తాత బయల్దేరాడో మనవడు మళ్లీ అక్కడికే వస్తున్నాడు. అందుకే చాలామంది పాడాంగ్, పెకన్‌బారు లాంటి సిటీలకి వెళ్తున్నారు. ఈసారి టికెట్ ఫ్రీ కాదు.

ఇది పాత కథ అనుకోకండి. 2024 అక్టోబర్‌లో ఇండోనేషియాలో ట్రాన్స్‌మిగ్రేషన్‌కి మళ్లీ ప్రత్యేక మంత్రిత్వ శాఖ పెట్టారు. బయటి నుంచి మళ్లీ జనాన్ని తెస్తారేమోనని పపువాలో నిరసనలు కూడా జరిగాయి.

నేను దీన్నుంచి తీసుకున్నది ఒకటే. "ఎన్ని ఎకరాలు ఇస్తారు?" అనేది సగం ప్రశ్న. ఎక్కడైనా, ఏ ప్రాజెక్ట్‌కైనా, భూమికి భూమి ఇస్తామంటే ఇంకో నాలుగు అడగాలి. ఆ నేల టెస్ట్ చేశారా? అది నిన్నటిదాకా ఎవరి చేతిలో ఉంది, వాళ్లు ఒప్పుకున్నారా? అన్ని శాఖల మ్యాప్‌ల్లోనూ అది ఒకేలా ఉందా? పంట పండితే కొనేవాడు, తీసుకెళ్లే రోడ్డు ఉన్నాయా? ఈ నాలుగింటికి సమాధానం లేకుండా పట్టా చేతిలో పెడితే, మనకి ఇచ్చింది కాగితం మాత్రమే.

మీ ఇంట్లో ప్రాజెక్టుల వల్లో, కొత్త ఆయకట్టు కోసమో ఊరు మారిన పెద్దవాళ్లు ఉంటే, ఈ రాత్రి ఒక్కసారి అడగండి: "తాతయ్యా, కొత్త నేల మాట వినడానికి ఎన్నేళ్లు పట్టింది?" అని. ఫోన్ పక్కన పెట్టి వినండి. వచ్చే వారం ఇంకో టాపిక్‌తో కలుద్దాం. ఉంటానండి.