ఎదుగు పిల్లలు - తల్లిదండ్రుల పెంపకము



సూరతు నగరమున సలాబత్‌పురా ప్రాంతము వస్త్రవ్యాపారమునకు పేరొందినది. ఆ నగరమున స్థిరపడిన తెలుగువారిలో పెక్కురు మరమగ్గముల పనికై తెలంగాణము నుండి తరలివచ్చిన పద్మశాలీలు. పండ్రెండు గంటల షిఫ్టు ముగించి తండ్రి ఇల్లు చేరునప్పటికి పిల్లలు బడిలోనో, నిద్రలోనో యుందురు. చిక్కిన కొద్ది సమయమును మార్కుల విచారణతోనే గడచినచో పిల్లవానికి తండ్రి యనగా భయమే మిగులును. బదిలీలపై తిరుగు ఉద్యోగుల యిండ్లలోను ఈ చిక్కు లేకపోలేదు. స్నేహితులను, బడిని విడిచివచ్చిన బాలిక మౌనమును పెద్దలు పొగరని భ్రమింతురు.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన డయానా బామ్‌రిండ్ 1966లో పెంపకమును మూడు తెరగులుగా వివరించెను. ఆజ్ఞయే గాని సంభాషణ లేని కాఠిన్యము మొదటిది. అదుపులేని గారాబము రెండవది. కట్టుబాటుతో కూడిన ఆదరణ మూడవది. 1983లో మెకోబీ, మార్టిన్ అను పండితులు ఉపేక్షను నాల్గవదిగా చేర్చిరి. తరువాతి పరిశోధనలలో పెక్కింట మూడవ తెరగున పెరిగిన పిల్లలయందు దిగులు తక్కువగను, ఆత్మవిశ్వాసము హెచ్చుగను కానవచ్చినవి.

నేతగానికి ఇది తెలియని సంగతి కాదు. పడుగు మితిమీరి బిగించిన నూలు తెగును. సడలిన గుడ్డ చెడును.

మనసులోని బెంగ దేహమునకును సోకును. కారణము తెలియని తలనొప్పి, కడుపునొప్పి, నిద్రలేమి ఒక్కొక్కప్పుడు దాని గురుతులే. వైద్యునికి చూపుటతో బాటు, పిల్లవాని మాట వినుటయు అవసరము. 13 మొదలు 18 ఏండ్ల వారికి దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర వలయునని నిద్రావైద్యులు చెప్పుచున్నారు. సగటున దినమునకు 60 నిమిషముల ఆటయో, వ్యాయామమో ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. చదువు పేరిట ఈ రెంటిని హరించుట మేలు కాదు.

పదునారేండ్ల కుమారుని మిత్రునిగా చూడవలెనను మాట మన పెద్దలు ఏనాడో చెప్పినదే. పరీక్ష తప్పిన దినమున ఆ కుమారుడు వెరవక ఇంటికి రాగలడా? పెంపకమునకు నిజమైన పరీక్ష అదియే. ఆనాడు తిట్టుటకు ముందు అన్నము పెట్టవలెను. మరునాడు కూర్చుండబెట్టుకొని కారణమడుగవలెను. దిగులు వీడనిచో కేంద్రప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీమానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చును. అచ్చట తెలుగులోను సలహా లభించును. అడుగుటలో అవమానమేమియు లేదు.