తిమింగలం పాలెలా ఇస్తుంది మేష్టారూ?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో బడి విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

ఎదురుగా కూర్చున్న నా విద్యార్థులందరికీ ఆశీస్సులు. మీలో కొందరికి నాకన్నా ఎక్కువ జుట్టు నెరిసింది. అయినా ఆశీస్సులే.

మన సంఘం కార్యదర్శి నెల కిందట ఫోన్ చేసి, "మేష్టారూ, మీరు క్రమశిక్షణ గురించి ఓ పావుగంట మాట్లాడాలండి" అన్నాడు. "క్రమశిక్షణ గురించి నేను ముప్పై రెండేళ్ళు బెత్తంతో మాట్లాడాను, ఇక చాలు. తిమింగలాల గురించి మాట్లాడతాను" అన్నాను. కాసేపు అవతల చప్పుడు లేదు. పెద్దాయనకి వయసు మీద పడిందనుకుని ఉంటాడు. "అలాగేనండి" అన్నాడు పాపం.

నేను ఈ బడిలో చేరింది 1976లో. మన సంఘం పుట్టిన మరుసటి ఏడు. "తిమింగలం చేప కాదు, క్షీరదం. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. పిల్లల్ని కంటుంది. పాలిచ్చి పెంచుతుంది." ఈ నాలుగు ముక్కలూ మీ చేత ఎన్నిసార్లు వల్లె వేయించానో లెక్క లేదు. అయితే ఒక్క తిమింగలాన్ని కూడా నేను చూసి ఎరగను. మన ఊరి నుంచి సముద్రం మూడు కిలోమీటర్లే. కానీ నేను చూసిన సముద్రం కార్తీక పౌర్ణమికి మోకాలి లోతు నీళ్ళలో దిగి, మూడు మునకలు వేసి వచ్చినంతే.

రెండేళ్ళ కిందట వేసవిలో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాం. వాళ్ళు ఉండేది బోస్టన్ దగ్గర. నాలుగో తరగతి చదువుతున్న మనవరాలు ఒకరోజు, "తాతయ్యా, నువ్వు బయాలజీ టీచర్‌వి కదా, తిమింగలాన్ని చూశావా?" అంది. చూడలేదన్నాను. ఆ ఆదివారానికే మా అల్లుడు టికెట్లు తీసేశాడు.

పడవ ప్రయాణమంటే నాకు గోదావరి మీద పంటు గుర్తొస్తుంది. సైకిళ్ళు, గేదెలు, కొబ్బరి గెలలు, మధ్యలో మనం. అందుకని మా ఆవిడ వాంతులు రాకుండా అల్లం మురబ్బా పట్టుకుని సిద్ధమయింది. తీరా బోస్టన్ రేవుకి వెళ్ళి చూస్తే, ఆ పడవ మన మండలాఫీసుకన్నా బాగుంది. మూడంతస్తులు. లోపల వెచ్చగా కూర్చునే గది, పెద్ద పెద్ద కిటికీలు, మెత్తని కుర్చీలు, టీ కాఫీలు అమ్మే కౌంటరు, శుభ్రమైన మరుగుదొడ్లు. పైన నిలబడి చూడదలచుకున్న వాళ్ళకి బయట కటకటాలు. ఒడ్డున జూలై ఎండ మాడ్చేస్తోంది. సముద్రం మీద కొంత దూరం వెళ్ళేసరికి స్వెట్టరు వేసుకోక తప్పలేదు.

ఆ పడవ రకాన్ని కాటమరాన్ అంటారని మైకులో చెప్పారు. రెండు సన్నని పడవల్ని పక్కపక్కన పెట్టి పైన ఇల్లు కట్టినట్టుంటుంది. అందుకే అలలకి ఎక్కువగా ఊగదు. ఆ మాట ఎక్కడిదో మీకు తెలుసా? తమిళంలో కట్టుమరం. దుంగల్ని కలిపి కట్టినది. అంటే మన తెప్పే! మన తీరంలో జాలర్లు వేటకి వెళ్ళే తెప్ప పేరుని మోస్తున్న పడవలో, నేను మెత్తని కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

గంటకి పైగా ప్రయాణించి స్టెల్‌వాగన్ బ్యాంకు అనే చోటికి చేరాం. "ఆదివారం పూట సముద్రంలో బ్యాంకేమిటండీ" అంది మా ఆవిడ. అది మన భాషలో తిప్ప. నీళ్ళ అడుగున ఉన్న పెద్ద ఇసుక తిప్ప. మంచుయుగంలో హిమానీనదాలు తెచ్చి పోసిన ఇసుకా కంకరా అది. లోతు నీళ్ళు వచ్చి ఆ తిప్పకి తగిలి పైకి లేస్తాయి. అడుగున ఉన్న పోషకాలు వాటితో పాటు వెలుగులోకి వస్తాయి. అక్కడ కంటికి కనిపించని మొక్కలు పెరుగుతాయి. వాటిని తినే చిన్న జీవులు, వాటిని తినే సన్నని చేపలు, వాటి కోసం తిమింగలాలు. నల్లబల్ల మీద నేను బాణం గుర్తులు వేసి చెప్పిన ఆహారపు గొలుసు అక్కడ ప్రాణాలతో తిరుగుతోంది. 1992లో ఆ ప్రాంతాన్ని సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. 2007లో అయితే బోస్టన్ రేవుకి వచ్చే ఓడల దారినే పక్కకి జరిపారు. తిమింగలాలు ఎక్కువగా తిరిగే చోట ఓడలు వాటిని గుద్దకుండా ఉండాలని.

మాకు వివరాలు చెప్పడానికి ఒక అమ్మాయి ఉంది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. పడవని గడియారం అనుకోమంది. ముక్కు పన్నెండు, కుడి పక్క మూడు, తోక ఆరు, ఎడమ పక్క తొమ్మిది. కాసేపటికి, "పది గంటల దగ్గర!" అని కేక వేసింది. అందరం ఎడమ వైపుకి పరుగెత్తాం.

ముందు ఊపిరి కనిపించింది. నీళ్ళ మీద నిలువునా లేచిన తెల్లటి ఆవిరి. తర్వాత చప్పుడు. ఆర్టీసీ బస్సు బ్రేకు వదిలినప్పుడు వస్తుందే, అలాంటిది, ఇంకా లోతుగా. గాలి మా వైపు తిరిగేసరికి వాసన కూడా వచ్చింది. ఎండుచేపల సంతే! పడవ వేగం తగ్గించి, దూరంగానే ఆపేశారు. మనం దాని మీదికి వెళ్ళకూడదట. దానికి ఇష్టమైతే అదే వస్తుందట.

వచ్చింది. హంప్‌బ్యాక్ జాతి. మునిగే ముందు వీపు మూపురంలా వంచుతుంది కాబట్టి ఆ పేరు. నలభై అడుగుల పైచిలుకు పొడవు, ముప్పై టన్నుల దాకా బరువు. ముందు రెక్కలే ఒంట్లో మూడో వంతు పొడవుంటాయి. శాస్త్రీయ నామం మెగాప్టెరా నోవాంగ్లియే అని మీకు చెప్పే ఉంటాను. పెద్ద రెక్కలది, న్యూ ఇంగ్లండుది అని అర్థం. ఆ న్యూ ఇంగ్లండులోనే నిలబడి చూస్తున్నాను. మునిగేటప్పుడు తోక మొత్తం గాలిలోకి లేచి, నీళ్ళు కారుస్తూ, నెమ్మదిగా దిగిపోయింది. అది దిగిన చోట నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా గుండ్రంగా మిగిలాయి. నాకు మాట రాలేదు. మా ఆవిడ చేతులు జోడించింది.

అప్పుడు దాని పక్కనే ఇంకొకటి లేచింది. చిన్నది. పిల్ల!

మా మనవరాలు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, చెయ్యెత్తి అడిగింది. "పిల్ల నీళ్ళలో పాలెలా తాగుతుంది? పాలు నీళ్ళలో కలిసిపోవా?"

ఆ ప్రశ్న నేను అంతకు ముందే విన్నాను.

1986. తొమ్మిదో తరగతి. వర్షాకాలం, మధ్యాహ్నం మొదటి పీరియడు. క్షీరదాలు చెబుతున్నాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు లేచాడు. వేటకి వెళ్ళే వాళ్ళ పిల్లాడు. "మేష్టారూ, మా నాన్న చూశాడండి. తెప్ప పక్కనే లేచిందంటండి. బుస్సుమని ఊపిరి వదిలిందంటండి. పక్కన పిల్ల కూడా ఉందంటండి. మరి నీళ్ళలో పాలెలా ఇస్తుందండి? ఉప్పునీళ్ళలో కలిసిపోవాండి?" అన్నాడు.

తొమ్మిదో తరగతి పిల్లలు కదా. పాలు అన్న మాటకే ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో క్లాసంతా నవ్వింది. వాడు వెటకారానికి అడిగాడని నేను అనేశాను. రెండు చేతుల మీదా నాలుగేసి దెబ్బలు కొట్టి, పీరియడు అయ్యేదాకా బయట నిలబెట్టాను. వాడు వెళ్తూ, "నిజంగా చూశాడండి" అన్నాడు. దానికి ఇంకో దెబ్బ పడింది.

వెటకారానికి అడగలేదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. నాకు జవాబు తెలియదు. అదీ సంగతి. పుస్తకంలో "పాలిచ్చి పెంచును" అని ఉంది, ఎలాగో లేదు. తెలియదు అనడానికి నోరు రాక బెత్తం తీశాను. ఆ తర్వాత రెండేళ్ళూ వాడు నా క్లాసులో నోరు విప్పలేదు. పదో తరగతి అయ్యాక వాళ్ళ నాన్నతో వేటకి వెళ్తున్నాడని విన్నాను.

పడవలో ఆ అమ్మాయి ఏం చేసిందో తెలుసా? మా మనవరాలి ఎత్తుకి వంగి, "చాలా మంచి ప్రశ్న" అంది. మైకు తీసుకుని అందరికీ జవాబు చెప్పింది. తల్లి చనుమొనలు కడుపు అడుగున, తోక వైపుగా, చీలికల్లో దాగి ఉంటాయి. పిల్ల వెళ్ళి మూతితో తడితే బయటికి వస్తాయి. తల్లే కండరాలతో పాలని పిల్ల నోట్లోకి చిమ్ముతుంది. ఆ పాలు టూత్‌పేస్టులా చిక్కగా ఉంటాయి, చటుక్కున నీళ్ళలో కలవవు. మన గేదె పాలలో కొవ్వు ఏడు శాతం ఉంటే గొప్ప. వీటిలో ముప్పై శాతానికి పైనే. ఆ తల్లి చలికాలంలో దక్షిణాన కరీబియన్ వెచ్చని నీళ్ళకి వెళ్ళి కంటుంది. అక్కడ దానికి తిండి దాదాపు దొరకదు. తన ఒంట్లోని కొవ్వునే కరిగించి పాలుగా ఇస్తూ, పిల్లని వెంటబెట్టుకుని రెండు వేల కిలోమీటర్లకు పైగా ఈదుకుంటూ ఈ తిప్ప దగ్గరికి వస్తుంది. ఇక్కడే దాని భోజనం.

చివర ఇంకో మాట అంది. "పాలు తాగడం నేను కూడా ఎప్పుడూ కళ్ళారా చూడలేదు. అది నీళ్ళ అడుగున జరుగుతుంది." అంతే. అలా అన్నందుకు పడవలో ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల గౌరవం ఏమీ తగ్గలేదు. నాకైతే పెరిగింది.

నేను లోపలికి వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాను. మా అల్లుడు, "కడుపులో తిప్పుతోందా మావయ్యా?" అని అడిగాడు. అవునన్నాను.

తిరుగు ప్రయాణంలో ఆ అమ్మాయి చెప్పిన సంగతి మీకు నచ్చుతుంది. హంప్‌బ్యాక్ తోక అడుగున నలుపు తెలుపు మచ్చలు ఉంటాయి. మన వేలిముద్రల్లాగే ఏ రెండూ ఒకలా ఉండవు. వాటి ఫోటోలతో పెద్ద హాజరుపట్టీ నడుపుతున్నారు. ఒక్కో దానికీ పేరుంది. వాటిలో పేరుమోసినది 'సాల్ట్'. వీపు మీది చిన్న రెక్క మీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలుంటాయని ఆ పేరు. 1970ల మధ్యలో, అంటే మన సంఘం పుట్టిన రోజుల్లో, దాన్ని గుర్తుపట్టారు. 1980లో పిల్లతో వచ్చింది. ఆ పిల్లకి 'క్రిస్టల్' అని పేరు పెట్టారు. తర్వాత సాల్ట్‌కి ఇంకా ఎన్నో పిల్లలు, పిల్లల పిల్లలు. ఏటా ఎవరొచ్చారో రాసుకుంటారు. రానివాళ్ళ కోసం చూస్తారు. చాలా వాటి ఒంటి మీద వలల తాళ్ళు కోసుకున్న గాట్లు ఉంటాయట. ఆ గాట్లని కూడా రాసుకుంటారు.

ఇదే రాష్ట్రంలో న్యూ బెడ్‌ఫర్డ్ అనే ఊరు ఒకప్పుడు తిమింగలాల్ని చంపి, దీపాలకి నూనె తీసి, ఆ డబ్బుతో బతికింది. ఇప్పుడు అదే తీరం నుంచి పడవలు వాటిని చూడ్డానికే వెళ్తున్నాయి. అంత పెద్ద అలవాటుని ఒక తీరం మార్చుకోగలిగింది. నా బెత్తం మాత్రం నాతో పాటు 2008లో రిటైరయింది. మరుసటి ఏడు పిల్లల్ని కొట్టకూడదని చట్టమే వచ్చింది. అంటే నేను మారలేదు, నాకు వయసయిపోయింది, అంతే. ఈ మాట ఈ వేదిక మీద ఒప్పుకోవాలనే ఈ పావుగంట అడిగాను.

ఇప్పటి ఉపాధ్యాయులకి ఒక్కటే మనవి. పిల్లలు అడిగిన దానికి జవాబు తెలియకపోతే తెలియదనండి. "రేపు చూసి చెబుతాను" అనండి. మర్నాడు తప్పకుండా చెప్పండి. మీ క్లాసులో వెనక బెంచీలో కూర్చున్న వాడి ఇంట్లో, మీ పుస్తకంలో లేనిది కళ్ళారా చూసిన మనిషి ఉండొచ్చు. నేను టికెట్టు కొని, మెత్తని కుర్చీలో కూర్చుని, డెబ్భై దాటాక చూసిన దాన్ని, ఆ నాన్న నాలుగు దుంగల మీద నిలబడి ఎప్పుడో చూశాడు. ఆయన్ని ఒకసారి బడికి పిలిచి ఆ పాఠం చెప్పించి ఉంటే ఎంత బాగుండేది!

నిన్న మన సంఘం డైరెక్టరీ తిరగేశాను. 1988 బ్యాచి పేజీలో ఆ కుర్రాడి పేరుంది. ఎదురుగా ఫోన్ నంబరు లేదు, చిరునామా లేదు. పేరు ఇక్కడ చెప్పను. ఒకసారి క్లాసు ముందు అవమానించాను, మళ్ళీ సభ ముందు వద్దు. ఆ బ్యాచి వాళ్ళు మీలో ఉన్నారు, ఎవరి సంగతో మీకు తెలిసే ఉంటుంది. వాడు ఎక్కడున్నా, యాభై దాటి ఉంటాడు, నాకు కబురు చెప్పండి. నేనే వాళ్ళ ఇంటికి వెళ్తాను. వాడి ప్రశ్నకి జవాబు ఇప్పుడు నాకు తెలుసు. ముందు క్షమించమని అడిగి, తర్వాత జవాబు చెబుతాను.

ఒకవేళ ఈ హాల్లోనే వెనక వరసలో ఉంటే, బాబూ, మీ నాన్న నిజంగానే చూశాడు.