ఉప్పెనకు ముందురోజు



సముద్రం మన బోధన్‌కు చాలా దూరం, తుపాను ముచ్చట ఇక్కడెందుకని కొందరికి అనిపించవచ్చు. నిజాంసాగర్ కాలువల కింద వర్ని, కోటగిరి వైపు క్యాంపుల్లో స్థిరపడ్డ కుటుంబాల్లో చాలామంది పెద్దలు కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవారే. కందకుర్తి దగ్గర మన మంజీరను కలుపుకున్న గోదావరి చివరికి కోనసీమలోనే సముద్రంలో కలుస్తుంది. ఇంతకంటే దగ్గరి కారణం ఇంకొకటి ఉంది. దాన్ని చివర చెబుతాను.

1977 నవంబరు 19న కృష్ణా డెల్టాలోని దివిసీమను ఉప్పెన ముంచింది. పదిహేను అడుగులకు మించిన నీటిగోడ కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. సర్కారు లెక్కలోనే మృతులు సుమారు పదివేలు. అక్కడి సొర్లగొంది, పాలకాయతిప్ప ఊళ్ల పేర్లు చెబితే ఆ తరంవాళ్లు ఇప్పటికీ కాసేపు మాట్లాడలేరు. చెట్టును గట్టిగా పట్టుకుని నిలవగలిగినవాళ్లు బతికారు. చంకలో బిడ్డ ఉన్న తల్లికి రెండు చేతులూ ఖాళీగా లేవు. ఆ ఉప్పెనను దైవం పంపిందంటే నేను ఒప్పుకోను. గాలిని సముద్రం పంపింది. కరకట్ట పక్క ఉప్పునేలలో తాటాకు పాకలోనే బతకాల్సిన గతిని మాత్రం మనుషులమే పంచిపెట్టాం.

పీటర్ విన్‌చెస్టర్ అనే పరిశోధకుడు కృష్ణా డెల్టాలో ఏళ్ల తరబడి ఈ విషయాన్నే పరిశీలించాడు. 1994లో వచ్చిన ‘ఎట్ రిస్క్’ అనే పుస్తకంలో ఆ పరిశీలన ఆధారంగా అక్కడి రెండు కుటుంబాలను పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకరికి ఇటుక ఇల్లు, మంచి పొలం, ధాన్యం వ్యాపారం, లారీ. రేడియోలో హెచ్చరిక వినగానే విలువైనవి లారీలో వేసుకుని వెళ్లిపోయారు. రెండోవారిది పూరిపాక, కాస్త మెట్టనేల, ఒక ఎద్దు, ఒక దూడ. వాళ్లకు చిన్నబిడ్డ పోయింది, పాక పోయింది, పశువులు పోయాయి. తుపాను ఇద్దరికీ ఒక్కటే.

1977 తర్వాత హెచ్చరికలు మెరుగుపడ్డాయి, షెల్టర్లు లేచాయి. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ముందే ఆరు లక్షల మందికి పైగా ఖాళీ చేయించారు కాబట్టి మృతులు వెయ్యి లోపే. ఇది చిన్న విజయం కాదు. అయినా ‘ఖాళీ చేయండి’ అన్నా కదలనివాళ్లు కొందరు మిగులుతూనే ఉంటారు. వాళ్లను మొండివాళ్లని తిట్టడం నాకు బాధగా ఉంటుంది. మేకలను షెల్టర్‌లోకి రానివ్వరు. అప్పు తెచ్చి కొన్న వలను గట్టున వదిలేస్తే దానికి పూచీ ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు లేనంతకాలం ఆ మనిషి పాకను వదలడు.

ప్రాణం దక్కినవాళ్ల కష్టం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరి తోటలను నేలకూల్చింది. మనకు చెరకు పోతే ఒక ఏడాది పోతుంది. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే అయిదారేళ్లు. తోట యజమానికి చెట్టుకింత అని లెక్కగట్టవచ్చు. ఆ చెట్లెక్కి బతికే దింపు కూలీ పేరు ఏ చెట్టు మీద రాసి ఉంటుంది? వేటలో బోటు పోతే పరిహారం బోటు యజమానికి వస్తుంది. అందులో కూలికి వెళ్లే కళాసీకి చూపడానికి కాగితమే ఉండదు.

ముందు చెప్పిన దగ్గరి కారణం ఇదే. 1937లో పుట్టిన మన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినప్పుడు బోధన్‌లో ఏ గాలీ వీచలేదు. అయినా నష్టం అందరికీ ఒకేలా తగల్లేదు. పర్మినెంటు కార్మికుడికి కనీసం బకాయి అడగడానికి రికార్డు ఉంది. గేటు బయట చాయ్ అమ్మిన ఆమెకు, చెరకు నరికిన కూలీకి ఆ కాగితమూ లేదు. 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే వచ్చింది, కౌలుదారుకు రాలేదు. వడగళ్లు మాత్రం కౌలుదారు పొలాన్ని వదిలిపెట్టవు.

అందుకే నేను అడిగేది ఒక్కటే. నష్టం జాబితాను తుపాను పోయాక, పట్టా చూసి రాయొద్దు. ప్రతి తీరగ్రామంలో కౌలుదారు, కళాసీ, దింపు కూలీ, పీతలు పట్టే యానాది, ఇంటికి పెద్దగా ఉన్న ఒంటరి ఆడమనిషి, వీళ్లందరి పేర్లతో తుపాను కాలానికి ముందే, సెప్టెంబరులోపే జాబితా సిద్ధం కావాలి. దాన్ని గ్రామసభలో బిగ్గరగా చదవాలి. పేరు రానివాళ్లు అక్కడే లేచి అడిగే వీలుండాలి.