పరుగెత్తేవారి చిన్న నొప్పులు - మన జాగ్రత్తలు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఈ వేదిక మీద నిలబెట్టి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము డాక్టర్లము కాము. పతకాలు తెచ్చిన క్రీడాకారులము అసలే కాము. ఫజర్ నమాజు ముగిసినాక, ఇంటికిపోయి చాయ్ తాగేలోపల, కె.సి. కాలువ గట్టున మూడు నాలుగు కిలోమీటర్లు నెమ్మదిగా పరుగెత్తే పదిమందిమి. మాలో బట్టల అంగడివారున్నారు, రిటైరైన మేష్టర్లున్నారు, లారీ ఆఫీసు గుమాస్తాలున్నారు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలైన ఆ కాలువ కర్నూలు దాటి కడప దాకా పోతుంది. కడపలో ఉన్న మా చుట్టాలూ, స్నేహితులూ కూడా తెల్లవారితే ఇదే పనిమీద ఉంటారు. అక్కడివారి నొప్పులూ ఇక్కడివారి నొప్పులూ ఒకటే కాబట్టి ఇద్దరికీ కలిపే చెబుతున్నాము.

మాలో చాలామందిమి షుగరు వచ్చిందని తెలిసిన తర్వాతే బూట్లు కొన్నవాళ్లము. నలభై యేండ్లు కూర్చుని వ్యాపారం చేసిన ఒళ్లు ఒక్కనాడు లేచి పరుగెత్తితే ఊరుకుంటుందా? మొదటి నెలలోనే ఒకరికి మోకాలు, ఒకరికి మడమ, ఇంకొకరికి పిక్క పట్టుకున్నాయి. సగంమంది మానేసినారు. మిగిలినవాళ్లము నొప్పిని పట్టించుకోకపోవడమే మగతనం అనుకున్నాము. రెండూ తప్పేనని తెలుసుకునేసరికి ఒక పిల్లవానికి నష్టం జరిగిపోయింది. ఆ సంగతి చెప్పడానికే ముఖ్యంగా ఇక్కడికి వచ్చినాము.

మీకు గుర్తుండే ఉంటుంది. 2022 నవంబరులో మన రాష్ట్రంలో 6,100 పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగింది. తర్వాత దేహదారుఢ్య పరీక్షలు దాదాపు రెండేండ్లు ఆగిపోయినాయి. చివరకు 2024 డిసెంబరు 30న మొదలైనాయి. మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. మా గుంపుతో వచ్చే ఒక కుర్రవాడు ఆ ప్రాథమిక పరీక్ష పాసైనవాడే. ఇంటికి పెద్దకొడుకు. తండ్రి మెకానిక్ షెడ్డులో కూలి. రెండేండ్ల పాటు ఏ తేదీ తెలియక అంగడిలో పనికి కుదిరినాడు, పరుగు మానేసినాడు. తేదీలు రాగానే గుండె దడదడలాడి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తారురోడ్డు మీద దౌడు మొదలుపెట్టినాడు.

రెండు వారాలకు మోకాలి కింద, కాలి ముందు ఎముక దగ్గర నొప్పి అన్నాడు. మేమేమన్నాము? "కొత్తలో అంతే బేటా, పరుగెత్తేకొద్దీ అదే పోతుంది" అన్నాము. మాలో ఒక పెద్దాయన జేబులోంచి నొప్పి మాత్ర తీసి ఇచ్చినాడు కూడా. ఆ మాటా, ఆ మాత్రా పట్టుకుని వాడు ఇంకో రెండు వారాలు పరుగెత్తినాడు. తర్వాత ఒంటికాలి మీద గెంతలేకపోయినాడు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఎమ్మారై తీయిస్తే ఎముకలో సన్నని చీలిక ఉందన్నారు. ఇలాంటి చీలికలు మొదటి వారాల్లో ఎక్స్‌రేకు దొరకకపోవడం మామూలేనట. పరీక్షరోజు వాడు మైదానం బయట నిలబడి తోటివాళ్లు లోపలికి పోవడం చూసి ఇంటికొచ్చినాడు. వాళ్ల అమ్మ మమ్మల్ని ఒక్కమాట అనలేదు. అనివుంటే మాకు సులువుగా ఉండేది.

అప్పటినుంచి తెలిసిన డాక్టర్లను అడిగి, పుస్తకాలు చదివి మేము నేర్చుకున్నది ఇప్పుడు మీ ముందు పెడుతున్నాము.

మొదటిది, ఏది మామూలు నొప్పి, ఏది దెబ్బ అనేది గుర్తుపట్టడం. కొత్తగా పరుగెత్తిన మర్నాడూ, ఆ మర్నాడూ రెండు తొడలూ, రెండు పిక్కలూ సమానంగా సలుపుతాయి. కండ అలవాటు పడుతున్నదని అర్థం. రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది, మెల్లగా నడిస్తే ఇంకా త్వరగా పోతుంది. అట్లాగాక నొప్పి ఒకే కాలిలో ఉండి, వేలితో చూపించగలిగినంత చిన్నచోట, ఎముక మీద ఉండి, రాత్రి పడుకున్నా పీకుతుంటే పరుగు ఆ రోజే ఆపాలి. మా కుర్రవానికి ఈ గుర్తులన్నీ ఉన్నాయి. మాకే తెలియలేదు.

కండ నొప్పికి, నరం నొప్పికి మేము ఒక లెక్క పెట్టుకున్నాము. పదిలో ఎంత నొప్పి అని మమ్మల్ని మేమే అడుగుకుంటాము. రెండు మూడు లోపల ఉండి, మర్నాడు పొద్దుటికి తగ్గిపోతే పరుగు తగ్గించుకుని సాగిస్తాము. అంతకు మించినా, కుంటుతూ అడుగు వేయాల్సి వచ్చినా నడకకు మారతాము. మర్నాటికి ఎక్కువైతే నిన్న చేసింది ఎక్కువని ఒప్పుకుంటాము.

రెండవది బెణుకు. గట్టుమీద గుంతలో కాలు పడితే చీలమండ మెలిపడడం మాకు కొత్తకాదు. ఇంటికి పోగానే నానీ, ఖాలా నూనె కాచి గట్టిగా రుద్దుతారు. ప్రేమతో చేసేదే, కానీ మొదటి రెండు మూడు రోజులు రుద్దడం, వేడి కాపడం పనికిరావు, వాపు పెరుగుతుంది. 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు విశ్రాంతి, మంచు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అని నాలుగు సూత్రాలు రాస్తే ప్రపంచమంతా పాటించింది. ఆయనే 2014లో, మంచూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని తన మాట మార్చుకున్నాడు. పెద్ద డాక్టరే తప్పు దిద్దుకోగా లేనిది మనకెందుకు పట్టుదల? ఇప్పటి పద్ధతి ఏమంటే, ఒకటి రెండు రోజులు కాలికి పని తగ్గించి, దిండుమీద ఎత్తిపెట్టి, సాగే గుడ్డతో వదులుగా కట్టుకోవాలి. నొప్పి బాగా ఉంటే కొంచెంసేపు మంచు పెట్టుకోవచ్చు, గుడ్డలో చుట్టి మాత్రమే. తర్వాత ఓర్చుకోగలిగినంత మెల్లగా కదిలించాలి. మంచం పట్టి పడుకోకూడదు.

విరిగిందేమో అని అనుమానమైతే 1992లో కెనడాలోని ఒట్టావా డాక్టర్లు చెప్పిన గుర్తు మనకు పనికొస్తుంది. దెబ్బ తగిలినప్పుడూ, ఆసుపత్రికి పోయినప్పుడూ కూడా నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండకు రెండువైపులా ఉండే గుబ్బ ఎముకల వెనక అంచున నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోనూ, కడప రిమ్స్‌లోనూ ఎముకల విభాగాలున్నాయి.

ఇక్కడ పుత్తూరు కట్టు మాట రాకమానదు. మన జిల్లాలనుంచి తరతరాలుగా బండ్లు కట్టుకుని, బస్సులెక్కి పుత్తూరు పోయినవాళ్లున్నారు. ఆ నమ్మకాన్ని మేము తక్కువ చేయము. ఎక్కడికి పోయినా ముందు ఎక్స్‌రే తీయించుకుని పోండి అంటాము. ఎవరు కట్టిన కట్టైనా సరే, కాలివేళ్లు చల్లబడినా, నీలమెక్కినా, తిమ్మిరిపట్టినా వెంటనే విప్పించాలి.

మూడవది మడమ నొప్పి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే సూది గుచ్చినట్టుంటుంది, పది అడుగులు వేస్తే తగ్గుతుంది. మన ఇళ్లలో ఇది మగవాళ్లకన్నా ఆడవాళ్లు ఎక్కువ చెబుతారు. పొద్దస్తమానం కడప బండల మీద వట్టికాళ్లతో నిలబడి వంట చేస్తారు గదా! ఇంట్లోకి వేరే మెత్తటి చెప్పులు పెట్టుకుంటే సగం ఉపశమనం. గోడకు చేతులానించి పిక్క సాగదీయడం, మంచం దిగేముందే కాలివేళ్లను చేత్తో వెనక్కి వంచిపట్టడం రోజూ చేయాలి. నెలలు పట్టే పని ఇది, ఓపిక కావాలి.

మడమ వెనక లావుపాటి నరం నొప్పికి మెట్టు చాలు, మందు అక్కర్లేదు. మెట్టు అంచున మునివేళ్లతో నిలబడి, నొప్పి ఉన్న కాలి మడమను మెల్లగా కిందికి దించాలి, ఇంకో కాలి సాయంతో పైకి లేవాలి. పదిహేనేసి చొప్పున మూడుసార్లు, పొద్దునా సాయంత్రమూ, 12 వారాలు. 1998లో స్వీడన్ దేశంలో ఆల్ఫ్రెడ్‌సన్ అనే డాక్టరు పరుగెత్తేవారి మీదనే ఈ వ్యాయామాన్ని పరీక్షించి మేలు చేస్తుందని చూపించినాడు. మా బట్టల అంగడి భాయి తన అంగడి మెట్టుమీదే చేసి బాగుపడినాడు. గిరాకీలు నవ్వితే నవ్వనీ అన్నాడు.

మోకాలి చిప్ప చుట్టూ నొప్పి అయితే పరుగు పూర్తిగా మానకుండా దూరం తగ్గించి, అడుగులు చిన్నవిగా వేయాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం మెల్లగా పదిసార్లు చేస్తే తొడకండ బలపడి మోకాలికి కాపు కాస్తుంది.

నాలుగవది మాత్రలు. దీని మీద మేము కొంచెం గట్టిగానే చెబుతాము. మందుల షాపులో చీటీ లేకుండా కొన్న డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ మింగి పరుగెత్తడం రెండువిధాలా హాని. నొప్పి మనకు చెప్పే హెచ్చరికను నోరు మూయించినట్టవుతుంది. మన ఎండల్లో చెమటపోసి నీళ్లు తగ్గిన ఒంటికి ఆ మాత్ర తోడైతే మూత్రపిండాల మీద దెబ్బ పడుతుంది. బి.పి., షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోనేకూడదు. పరుగుకు ముందు ఎవరికీ మాత్ర ఇవ్వకూడదని మా గుంపులో ఇప్పుడు కట్టుబాటు.

షుగరు ఉన్నవారికి ఇంకొక మాట. మీకు నొప్పి లేకపోవడమే ప్రమాదం కావచ్చు. పాదం మొద్దుబారితే బొబ్బ వచ్చినా తెలియదు. రోజూ రాత్రి పాదాలు, వేళ్ల సందులు వెలుతురులో చూసుకోండి. అరికాలు కనబడకపోతే అద్దం కింద పెట్టండి, లేదా మనవడిని చూడమనండి. పుండు కనబడితే ఇంటివైద్యం చేయకుండా ఆసుపత్రికి పోండి.

అన్నిటికన్నా పెద్ద మందు తొందర లేకపోవడం. మానేసి మళ్లీ మొదలుపెట్టేవారు వారం వారం కొంచెం కొంచెం పెంచుకోండి, నడుమ ఒకటి రెండు రోజులు కాళ్లకు సెలవివ్వండి. ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు పైకి రాకముందే ముగించండి. ఉపవాస దినాల్లో పరుగును నడకకు మార్చుకోండి.

ఇంతకూ ఆ కుర్రవాడు ఏమైనాడని అడుగుతారు. మూడు నెలలు మెల్లగా కోలుకున్నాడు. ఇప్పుడు మళ్లీ గట్టుమీదికి వస్తున్నాడు, మట్టిబాటన, రోజు విడిచి రోజు. తర్వాతి ప్రకటన వచ్చేదాకా వయసు మిగిలుంటుందా అన్నది వాని బెంగ, మా బెంగ కూడా. ఆ లోపల పరుగు మాననని మాతో అన్నాడు. మొన్న కొత్తగా వచ్చిన ఇంటర్ పిల్లవాడు కాలు నొప్పి అంటే, మేము నోరు తెరవకముందే వాడే పోయి వాని పక్కన కూర్చుని, "ఎక్కడ? వేలితో చూపించు" అని అడిగినాడు.

మీ ఇంట్లో పిల్లలు నొప్పి అంటే మీరూ ముందు ఆ మాటే అడగండి. "అదే పోతుందిలే" అనకండి. మేము అన్నాము కాబట్టి చెబుతున్నాము.