మావు గోడకెక్కితే చాలదు, వాగులోనూ ఉండాలి



మన పిల్లలు ఒక కోరిక ముందుకు తెచ్చారు. పల్నాడులో యానాదుల చేపల వేట మీద ఒక మ్యూజియం కావాలి అని. మంచి కోరిక. దాని గురించే నాలుగు మాటలు మాట్లాడతాను.

మ్యూజియం అంటే మన జిల్లాలో అందరికీ గుర్తొచ్చేది నాగార్జునకొండ. విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కి పోవాలి. సాగర్ డ్యాముకు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు చేశారు. ఇక్ష్వాకుల కాలం కట్టడాలు కొన్నింటిని విప్పి తెచ్చి కొండమీద మళ్లీ పేర్చారు. శిల్పాలు, శాసనాలు, రాతియుగం పనిముట్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఆ పని చేసినవాళ్లను తప్పు పట్టడంలేదు. ఒక్క సంగతి గమనించండి. నీళ్లు వస్తున్నాయంటే రాయిని కాపాడాలని ప్రభుత్వానికి తోచింది. ఆ నీళ్ల మీద, ఆ వాగుల మీద బతికే మనిషి చేతిలోని పనిని కూడా కాపాడాలని ఎవరికి తోచింది?

మ్యూజియం వాళ్లు అసలు మన దగ్గరికి రాలేదా అంటే, వచ్చారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు అచ్చువేశాడు. అందులో యానాదులూ ఉన్నారు. ఆయన ఊరూరా కొలత పరికరాలు పట్టుకు తిరిగి మనుషుల తలలు, ముక్కులు కొలిచినవాడు. అంటే ఒకప్పటి మ్యూజియం లెక్కలో మనం కొలవాల్సిన వస్తువులం. ఇప్పుడు మనం పెట్టుకునే మ్యూజియంలో చెప్పేవాళ్లం మనమే కావాలి.

అందులో ఏముంటుంది? మావు ఉంటుంది. ఊత ఉంటుంది. గాలం, విసురువల ఉంటాయి. అయితే మావును ఉత్త బుట్ట అనుకుంటే పొరపాటు. చేప లోపలికి పోవడానికి దారి ఉంటుంది, వెనక్కి రావడానికి ఉండదు. తొలకరికి కొత్త నీరు రాగానే చేప ఎదురెక్కుతుందని తెలిసినవాడే దాన్ని ఎక్కడ పెట్టాలో ఎరుగుతాడు. అలుగు కింద పెట్టాలా, తూము దగ్గర పెట్టాలా, మూతి ఎటు తిప్పాలి, ఇదంతా చదువే. కొర్రమీను బురదలో ఎక్కడ దాక్కుంటుందో కాలి వేళ్లతో కనిపెట్టడం చదువే. పుల్లల సందు ఎంత వదిలితే పిల్ల చేప జారిపోతుందో తెలియడం కూడా చదువే. ఈ రోజు జలాశయాల్లో అలివి వలలేసి వేలెడు పిల్లల్ని కూడా ఊడ్చేస్తుంటే అధికారులు నిషేధం అంటున్నారు. మన తాతలు ఆ నిషేధాన్ని వెదురు పుల్లల మధ్య సందులోనే పెట్టుకున్నారు.

ఈ చదువు గాజు పెట్టెలో బతకదు. కారెంపూడి చూడండి. పల్నాటి వీరుల ఆయుధాలను ఇన్ని వందల ఏళ్లుగా జనమే కాపాడుకుంటున్నారు. ఏటా కార్తీక మాసంలో బయటికి తీసి కొలుస్తారు, కథ పాడతారు. వస్తువు, దాన్ని ఎత్తే చెయ్యి, దాని కథ చెప్పే నోరు, మూడూ ఉన్నాయి కాబట్టే అది నిలిచింది. మన మావుకూ ఆ మూడూ కావాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. మావు గోడ మీద మెరుస్తూ ఉండి, అది పెట్టుకునే చెరువులోకి మనల్ని రానివ్వకపోతే అది వారసత్వం కాదు, దండేసిన ఫోటో. ఈ రోజు చెరువు చేప పాటదారుడిది, లేదా సొసైటీది. సొసైటీలో పేరు లేని యానాది అదే చెరువు గట్టు మీద కావలి కూలీ. పట్టే విద్య మనది, పట్టే హక్కు ఇంకొకరిది.

అమెరికా పడమటి తీరంలో మకా అనే ఆదివాసీ తెగ ఉంది. వాళ్లు 1855లో ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో చేపల వేట హక్కు రాయించుకున్నారు. 1974లో అక్కడి కోర్టు వాషింగ్టన్ రాష్ట్రంలో అలాంటి ఒప్పందాలున్న తెగలకు చేపల్లో సగం వాటా ఉందని తీర్పిచ్చింది. 1979లో మకా వాళ్లు సొంత మ్యూజియం తెరిచారు. మట్టిలో కప్పడిపోయిన తమ పాత ఊరు ఓజెట్‌లో దొరికిన వేట సామాన్లను పట్నం మ్యూజియాలకు పంపలేదు, తమ ఊళ్లోనే పెట్టుకున్నారు. హక్కూ, మ్యూజియమూ రెండూ చేతిలో ఉంచుకున్నారు.

మనకు చట్టం ఏముంది? పల్నాడు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. పెసా, 1/70 మనకు వర్తించవు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది. సెక్షన్ 3(1)(డి) చదవండి. అడవిలోని నీటి వనరుల్లో చేపల మీద సామూహిక హక్కు అని స్పష్టంగా రాసి ఉంది. ఆ చట్టం నియమాల్లో 13వ నియమం సాక్ష్యాలుగా వేటిని ఒప్పుకుంటుందో చూడండి. సంప్రదాయంగా చేపలు పట్టే చోట్లు, రాసిపెట్టిన పెద్దల మాటలు అందులో ఉన్నాయి. మాచర్ల వైపు అడవి అంచున ఉన్న చెంచు, యానాది గూడేలకు ఇది పనికొచ్చే ఆయుధం. మైదానంలో ఊరి చెరువులకు ఈ చట్టం రాదు. అక్కడ మన పోరాటం సొసైటీ సభ్యత్వం కోసం, చెరువు పాటలో వాటా కోసం.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మ్యూజియం పని భవనంతో మొదలుపెట్టొద్దు. ముందు ఒక నోటుపుస్తకం, ఒక ఫోను తీసుకోండి. నాగులేరు, చంద్రవంక పక్కన ఏ మడుగు పేరేమిటో, ఏ నెలలో ఏ చేప వస్తుందో ముసలివాళ్లను అడిగి రాయండి. పేరు, వయసు, తేదీ వేసి వేలిముద్రో సంతకమో తీసుకోండి. మావు అల్లడం మొదటి పుల్ల నుంచి చివరి ముడి దాకా వీడియో తీయండి. అవ్వలు చేపను ఎండబెట్టే తీరు, అమ్మే తీరు మర్చిపోవద్దు, వేట సగం వాళ్లదే. మడుగుల పటం గీయండి. ఒక ప్రతి గూడెంలో ఉండాలి, ఒక ప్రతి గ్రామసభ దరఖాస్తుకు జతకావాలి.

గది తర్వాత కట్టుకుందాం. కట్టినప్పుడు తాళంచెవి గూడెం చేతిలోనే ఉండాలి. అందులో అల్లే మావు తొలకరికి వాగులోకి దిగాలి.