హిమసీమను వీడి వార్ధక్యనివాసమునకు
(వార్షిక మహాసభయందు పెద్దల గోష్ఠిలో గావింపబడిన యుపన్యాసము)



ఉద్యోగవిరమణానంతరము ఉత్తరపు చలిని విడిచి ఫ్లారిడా, టెక్సాసు, ఆరిజోనా మున్నగు రాష్ట్రములకు బోవుట యుక్తమా యను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకవర్గమువా రాజ్ఞాపించిరి. ముప్పదినాలుగు శీతకాలములు క్లీవులాండునందు గడపి, వాకిటి మంచును పారతో నెత్తిపోసినవాడ నగుటయే యిందులకు నాకుగల యర్హత.

1965వ సంవత్సరపు వలసచట్టము పిమ్మట అమెరికాకు వచ్చిన మనవారిలో వైద్యులును ఇంజనీర్లును పెక్కురు. ఉద్యోగ మెచట దొరకిన నచటికే పోయిరి గాని శీతోష్ణస్థితి నెవ్వరు విచారించిరి? డెట్రాయిటు గానిండు, షికాగో గానిండు, పని యున్నచోటే యూరు. భోగిమంటయొద్ద నిలిచి చలియని వణకిన శరీరములు సున్నకు దిగువనున్న చలిని నలువదేండ్లు సహించినవి. యౌవనమున మంచు వినోదము. అరువదియైదేండ్లు దాటిన పిమ్మట నది గండము.

బఫెలో నగరమున ఏటేట సగటున సుమారు 95 అంగుళముల మంచు కురియును. పడమటిగాలి ఈరీ సరస్సుమీదుగా వచ్చుచు తేమను గ్రహించి యొడ్డున మంచుగా గుమ్మరించుటయే యిందులకు కారణము. 2022 డిసెంబరునాటి మంచుతుపానులో ఆ ప్రాంతమున 40 మందికి పైగా మరణించిరి. చలికి రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు హెచ్చును. ఆ సమయముననే పారతో బరువెత్తినచో గుండెకు మరింత భారము. దక్షిణాసియావారికి హృద్రోగము తక్కినవారికంటె చిన్నవయసుననే వచ్చుచుండుట ఈ సభయందలి వైద్యు లెఱింగినదే. కావున చలిని విడువదలచినవారిని సుఖలాలసులని యెవ్వరును పరిహసింపవలదు.

అయితే ఎచటికి పోవలయును? ఇచటనే మనవారి తొందరపాటు. జనవరిమాసమున ఫ్లారిడాకు చుట్టపుచూపుగా పోవుదురు. వాకిట కొబ్బరిచెట్టును, పెరట అరటిగెలను జూచి యిది మన కోనసీమయే యని మురియుదురు. మరలివచ్చులోపల నిల్లు బేరమాడుదురు. పెండ్లిచూపులనాటి పట్టుచీరను జూచి సంబంధము నిశ్చయించుకొన్నట్లుండును! చూడదలచినవారు ఆగస్టులో పోయి చూడవలయును. ఫీనిక్సు నగరమున 2023లో వరుసగా 31 దినములు ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీటునకు తగ్గలేదు. ఆ నగరమున్న మారికోపా కౌంటీలో ఆ యేడు 645 మరణములకు వేడి కారణమని లెక్క తేలెను. రెంటచింతల యెండ నెఱిగినవారమైనను, ముదిమియందు ఇల్లు చల్లబరచు యంత్రము చెడిన నొక్కరాత్రి చాలును.

ఫ్లారిడాయందు జూను 1 మొదలు నవంబరు 30 వరకు తుపానుల కాలము. 1977లో దివిసీమ యుప్పెనను జూచినవారికి సముద్రము పొంగుటయన నేమో వేరుగ జెప్పనక్కరలేదు. 2022 సెప్టెంబరు 28న వచ్చిన ఇయాన్ తుపాను ఫోర్టు మయర్సు తీరమును ముంచెను. మృతులలో వృద్ధులే యెక్కువ. ఇంటికి చేయు సాధారణపు భీమా వరదనష్టము నీయదు. దానికి వేరు భీమా గలదు; ప్రభుత్వపు వరదభీమా సాధారణముగ 30 దినముల పిమ్మటగాని యమలులోనికి రాదు. ఆ రాష్ట్రమున నాదాయపు పన్ను లేదని సంతోషించువారు ఈ భీమా ఖర్చును ప్రక్కన వ్రాసి కూడవలయును. టెక్సాసున చలియే లేదనువారు 2021 ఫిబ్రవరిలో విద్యుత్తు పోయి జనులు గడ్డకట్టిన యిండ్లలో నుండిన సంగతి మరచినట్లున్నారు.

మరియొక చిక్కు. 1960 జనవరి 1న ఆరిజోనాలో సన్ సిటీ యను వృద్ధనివాసపు పట్టణము తెరవబడినది మొదలు అట్టి వాడలు దేశమున మిక్కిలిగ వెలసినవి. ఇంటికొక్కరైనను 55 ఏండ్లు నిండినవా రుండవలయునను నియమముతో, చిన్నపిల్లలకు స్థిరనివాసము నిషేధించు వాడ లందు గలవు. మనుమడు సెలవులకు రావచ్చును. కొడుకునకు కష్టము వచ్చి బిడ్డలతో మనయింట నిలువదలచిన నియమ మొప్పదు. ఇది మన కుటుంబములకు పొసగునా? నాకు పొసగదు.

మెడికేరు విషయము క్లుప్తముగ జెప్పెదను. అసలు మెడికేరు, దాని నంగీకరించు వైద్యునియొద్ద ఏ రాష్ట్రమునందైనను చెల్లును. అడ్వాంటేజి పథకములు మాత్రము ప్రాంతమును బట్టి యుండును. కాపురము మారినచో పథకమును మార్చుకొనవలయును. సంక్రాంతికి స్వదేశమేగి యుగాదికి మరలువారు అచటి వైద్యమునకు సాధారణముగ నది చెల్లదని యెఱిగి వేరు భీమా చేసికొనుడు.

ఇక నా మనసున నున్న ముఖ్యవిషయము. ఈ గోష్ఠిలోని దంపతులలో నెవరో యొకరు ఒంటరిగ మిగులక తప్పదు. వారు తఱచుగ స్త్రీలే. మన సోదరీమణులలో రాత్రివేళ రాజమార్గమున కారు నడుపనివారు పెక్కురు. దక్షిణమున క్రొత్తవాడలు దూరదూరముగ నున్నవి, పాలకైనను కారే. క్లీవులాండున మాయింటి తాళపుచెవి మూడిండ్లలో నున్నది. నేను లేనినాడు నా భార్య ఫోనుచేసిన పదినిమిషములలో వచ్చువారున్నారు. ఈ మూడు తాళపుచెవుల నొక తాటిచెట్టుకొఱకు విడుచుట యెట్లు? అట్లని ఆమె మంచును పారతో నెత్తవలసినదేనా? ఈ ప్రశ్నను మేమిద్దర మింటిలో నోరువిప్పి మాటాడుకొనుటకే మూడేండ్లు పట్టినది. మగవారు పటము ముందుంచుకొని పన్నులు లెక్కింతురే గాని యీ మాట నెత్తరు.

కొల్లేటికి చలికాలమున వచ్చు పక్షులు గుంపుగనే వచ్చును. కావున రెండు మూడు కుటుంబము లొక్కచోట కుదురుకొనుడు. పాతయిల్లు అమ్మక, ఒకయేడు అద్దెకుండి, ఆగస్టునెల యంతయు నచటనే గడపుడు. కూతురో కొడుకో యున్న యూరు దగ్గరగ నున్నచో, అది ఉత్తర కరోలినావలె నొకింత చలిగలదైనను, నేను దానినే యెన్నుకొందును.

భోజనానంతరము దక్షిణరాష్ట్రములకు ముందే తరలిన కుటుంబములవారు ఈ మందిరముననే తూర్పుద్వారము చెంత గూర్చుండుట కంగీకరించియున్నారు. వారి గృహభీమా కెంతయగుచున్నదో, ఆసుపత్రి యెంతదూరమో, రాత్రి పిలిచిన పలుకువా రెవ్వరో మొగమాటము లేక యడుగుడు. సోదరీమణులు ముందుగ నడుగవలయునని నా మనవి.