ఆ రోజు నేను అవుటే, మాస్టారూ!
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అమెరికా నుంచి వచ్చాడు కదా, ఉద్యోగం సంగతులు చెబుతాడనుకుంటున్నారేమో. సెలవు రోజుల్లో నేనక్కడ పిల్లల బేస్‌బాల్‌కి అంపైర్‌గా ఉంటాను. ఆ ఆటలో నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

బేస్‌బాల్‌లో నాలుగు బేస్‌లూ చుట్టివస్తే ఒక పరుగు. ఆ పరుగులో ఫీల్డర్‌కి అడ్డుపడితే 'ఇంటర్‌ఫియరెన్స్' అంటారు. నా మొదటి ఏడాదిలో ఒక కుర్రాడు మూడో బేస్‌కి పరుగెడుతూ, నేల మీద దొర్లివస్తున్న బంతిని అందుకోబోతున్న ఫీల్డర్‌ని ఢీకొన్నాడు. బంతి చేజారింది. పాపం, కావాలని చెయ్యలేదు కదా అని వదిలేశాను. ఆ ఒక్క పరుగుతోనే అవతలి జట్టు ఓడిపోయింది. ఆ ఫీల్డర్, పదేళ్ళవాడు, నా దగ్గరికొచ్చి, "మరి నేను బంతి ఎలా పట్టుకోవాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి నిబంధనల పుస్తకం మళ్ళీ తీశాను. బ్యాటుతో కొట్టిన బంతిని అందుకునే ఫీల్డర్‌కి దారి ఇవ్వాల్సింది పరుగెత్తేవాడే. ఇవ్వకపోతే, ఉద్దేశం ఏదైనా అవుటే. ఫీల్డర్ విసిరిన బంతికి అడ్డుపడితే మాత్రం కావాలని చేశాడా అని చూడాలి. 1978 వరల్డ్ సిరీస్ నాలుగో ఆటలో విసిరిన బంతి రెజ్జీ జాక్సన్ తుంటికి తగిలి పక్కకి పోయింది. కావాలని చెయ్యలేదని అంపైర్లు వదిలేశారు. డాడ్జర్స్ ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. యాంకీస్ 4-3తో గెలిచింది. ఆ తుంటి గురించి ఇప్పటికీ వాదించుకుంటారు.

బ్యాటర్‌కీ ఇలాంటిదే ఉంది. తన గడి దాటి వచ్చి క్యాచర్ విసురుకి అడ్డొస్తే, మామూలుగా బ్యాటరే అవుట్. అయినా ఆ విసురుతోనే పరుగెత్తేవాడు అవుటైతే, బ్యాటర్ తప్పు లెక్కలోకి రాదు.

అంటే అంపైర్ ముందు చూడాల్సింది పిల్లవాడు మంచివాడా కాదా అని కాదు. ఇక్కడ నిబంధన ఉద్దేశాన్ని అడుగుతోందా, లేదా అని.

ఇదంతా చదువుతుంటే మన డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చారు. పదో తరగతిలో కబడ్డీ ఆడుతుండగా నా మడమ గీత దాటింది. "కావాలని దాటలేదు సార్" అన్నాను. "గీత నిన్ను అడగదురా" అన్నారు. నెల రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

మరుసటి ఏడాది సరిగ్గా అలాంటి ఢీయే మళ్ళీ జరిగింది. ఈసారి అవుట్ ఇచ్చాను. ఆ పిల్లవాడు ఏడ్చాడు. ఆట అయ్యాక పక్కన కూర్చుని, "నువ్వు చెడ్డపని చెయ్యలేదు నాన్నా, ఆ క్షణాన దారి అతనిది, అంతే" అని చెప్పాను. కళ్ళు తుడుచుకుని తలూపాడు.

మాస్టారు ఇవాళ ముందు వరుసలోనే కూర్చున్నారు. ఆయనకి గుర్తుందో లేదో గానీ, ఇన్నేళ్ళుగా నాలో ఉండిపోయిన మాట ఇక్కడ చెప్పేస్తాను: ఆ రోజు నేను అవుటే, మాస్టారూ!

సెలవు.